తూటాలో మందెంత?

"రిటైరైన మిలిటరీ ఆయన అన్నా. రాత్రి టేబుల్ ల్యాంప్ కింద కూర్చుని తన తూటాలు తనే నింపుకుంటుంటాడు. టేబుల్ మీద ఏమేం ఉండాలో నువ్వే చూడాలి" అన్నాడు కో-డైరెక్టర్. ఫిల్మ్‌నగర్ కథా చర్చల్లో పుట్టే సీన్లు కృష్ణానగర్‌లోని మా గోడౌన్‌కి ఇలాగే రెండు ముక్కల్లో చేరతాయి. నేను సినిమాలకి ప్రాపర్టీస్ సమకూర్చేవాణ్ణి. కత్తులు, కిరీటాలు, పాత టెలిఫోన్లు, డమ్మీ తుపాకులు నా సరుకు. దర్శకుడి ఊహలో ఆ పెద్దాయన కాగితం పొట్లం విప్పి, నల్లటి పొడి చెంచాతో తీసి, తూటాలో పోసి, వేలితో అదుముతాడు. దీపావళికి గోదావరి జిల్లాల్లో చిచ్చుబుడ్లు కూరే పద్ధతి అది. తూటా అలా నిండదు. అలా నింపినవాడు రెండో రోజు కథలో ఉండడు.

తూటా అంటే మనకి ఒకే వస్తువు. విప్పి చూస్తే నాలుగు. ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న టోపీ, గొట్టం లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్టు. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వెళ్లి ప్రైమర్‌ని పొడుస్తుంది. ప్రైమర్ నిప్పు మందుకి అంటుకుంటుంది. మందు రెప్పపాటులో వాయువుగా మారి బుల్లెట్టుని ముందుకి తోస్తుంది. మూడూ ఖర్చయిపోయాక ఇత్తడి మాత్రం మిగులుతుంది. నాలుగింట్లోనూ ఖరీదైనది కూడా అదే. అందుకే అమెరికాలోనూ యూరప్‌లోనూ చాలామంది షూటర్లు దాన్ని పారెయ్యరు. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు కొలిచి పోసి, కొత్త బుల్లెట్టు బిగిస్తారు. దాన్ని రీలోడింగ్ అంటారు. అందులో మందు కొలిచే పరికరమే పౌడర్ మెజర్. మిగతా పనుల్లో చిన్న తేడా వస్తే చాలావరకు తూటా తుపాకీలో పట్టదు, అక్కడితో సరి. మందు దగ్గర తేడా వస్తే చెయ్యి పోతుంది, కన్ను పోతుంది.

ముందుగా మన చట్టం సంగతి, ఎందుకంటే ఇది చదివి ఎవరూ ఆ దారిన పోకూడదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తయారీ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019లో చేసిన సవరణతో దానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠం యావజ్జీవం. ఇంకో మాట చాలామందికి తెలియదు. ఆ చట్టంలో 'అమ్యునిషన్' నిర్వచనంలోకి తూటా ఒక్కటే రాదు, తూటా విడిభాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ కూడా వస్తాయి. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో సరదాకి అలాంటి పరికరం తెప్పించుకున్నా చిక్కే. ఇంట్లో తుపాకీకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన తూటా చేసుకునే హక్కు రాదు. కొనుక్కోవడానికి లైసెన్స్ ఉన్న దుకాణాలున్నాయి, చేసిపెట్టడానికి ఫ్యాక్టరీలున్నాయి. పుణె దగ్గర ఖడ్కీలో 1869 నాటి అమ్యునిషన్ ఫ్యాక్టరీ ఉంది. పన్నెండు బోరు తుపాకులకి వాడే శక్తిమాన్ తూటాలు అక్కడివే. నీలగిరుల్లో అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ వందేళ్లకి పైబడి తూటాల్లో పోసే పొగరాని మందు తయారుచేస్తోంది.

మరి మన హైదరాబాద్ షూటర్ల సంగతేమిటని అడగొచ్చు. వాళ్లకి ఈ బాధ పెద్దగా లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో అసలు మందే ఉండదు, గాలి ఒత్తిడే చిన్న గుండుని తోస్తుంది. ఈషా సింగ్ 2024 పారిస్‌లో పోటీ పడిన 25 మీటర్ల పిస్టల్లో వాడేది .22 తూటా. దాని ప్రైమర్ మందు ఇత్తడి అంచు మడతలోనే ఉంటుంది కాబట్టి ఒకసారి పేలాక మళ్లీ నింపే ఆనవాయితీ లేదు. ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ పేల్చే పన్నెండు బోరు తూటాని మాత్రం విదేశాల్లో ఇళ్లల్లో నింపుకునేవాళ్లున్నారు. ఒలింపిక్ నిబంధన ప్రకారం అందులో 24 గ్రాములకి మించి సీసపు గుళ్లు ఉండకూడదు. పోటీలకి వెళ్లేవాళ్లు ఫ్యాక్టరీ తూటాలే కొంటారు.

నేను ఈ పని దగ్గరగా చూసింది టెక్సస్‌లో. మా మేనల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. పొద్దంతా సాఫ్ట్‌వేర్, ఆదివారం షూటింగ్ క్లబ్బు. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. వాడి గ్యారేజీలో గోడవారన బల్ల. దాని మీద ఒక ప్రెస్సు, ఒక త్రాసు, ఒకే ఒక్క మందు డబ్బా. మిగతా డబ్బాలన్నీ అవతలి అల్మరాలో. "మావయ్యా, ఈ బల్ల దగ్గరున్నంతసేపు నాతో మాట్లాడొద్దు. ఫోన్ కూడా బయటే పెట్టేసెయ్" అన్నాడు లోపలికి అడుగు పెట్టగానే. మా ఇంట్లో వాగుడుకాయ అని పేరుపడ్డవాడు ఆ మాటన్నాక ఇక నేను నోరెత్తలేదు. వాడు చేతులు ఆపి బల్ల దగ్గర్నుంచి లేచాకే ప్రశ్నలు వేశాను.

మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే గ్రాముకి సుమారు 15.4. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో ఇంచుమించు సగం బరువు. 9 ఎం.ఎం. పిస్టల్ తూటాలో పట్టేది మామూలుగా నాలుగు నుంచి ఆరు గ్రెయిన్లు. పెద్ద వేట రైఫిల్ తూటాలో యాభై దాటొచ్చు. యాభైలో అర గ్రెయిన్ తేడా వస్తే గురి కాస్త చెదురుతుంది. నాలుగింట్లో అదే అర గ్రెయిన్ ఎక్కువైతే ఎనిమిదో వంతు పెరిగినట్టు, పైగా ఒత్తిడి మందుతో సమానంగా పెరగదు, అంతకన్నా వేగంగా ఎగబాకుతుంది. 9 ఎం.ఎం. తూటాకి అమెరికా తయారీదారుల సంస్థ శామీ పెట్టిన గరిష్ఠ పరిమితి 35,000 పి.ఎస్.ఐ. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి రెండు వేల రెట్ల పైమాటే. ఆ ఒత్తిడి ముఖానికి ఒక మూరెడు దూరంలో పుడుతుంది.

పాత బ్లాక్ పౌడర్ రోజుల్లో ఇంత పట్టింపు లేదు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన ఆ మందుని కొమ్ములోంచి చిన్న గొట్టం నిండా వంపుకుని తుపాకీలో పోసేవారు, ఫిరంగిలోకైతే గరిటెతో తోసేవారు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు మన గన్‌ఫౌండ్రీ. ఆ ఫిరంగుల వాళ్లకి గ్రెయిన్ లెక్కతో పనే లేదు. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త పొగరాని మందు కనిపెట్టాక లెక్క మారింది. గుప్పెడు పని చిటికెడుతో అయిపోవడం మొదలైంది. చిటికెడులో తప్పు జరిగితే గుప్పెడంత నష్టం.

ఇక పరికరం. పైన మందు పోసే గొట్టం, దాన్ని హాపర్ అంటారు. దాని కింద అడ్డంగా తిరిగే ఇనప డ్రమ్ము. డ్రమ్ములో ఒక గుంట. గుంట లోతుని మరతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పక్కన పిడి. పిడి పైకెత్తితే గుంట హాపర్ వైపు తిరిగి మందుతో నిండుతుంది. కిందికి దించితే గుంట బోర్లపడి మందు సన్న గొట్టంలోంచి ఇత్తడి కేసులోకి జారుతుంది. అంటే ఈ పరికరం బరువు తూచదు, పరిమాణం కొలుస్తుంది. త్రాసు బరువు చెబుతుంది. కావలసిన బరువు మందు ఎంత పరిమాణం పడుతుందో ముందు త్రాసు మీద తేల్చుకుని, ఆ పరిమాణానికి గుంటని బిగిస్తారు. మందు మారితే మళ్లీ మొదటినుంచీ తేల్చుకోవాలి.

మా సీన్ కోసం దాని నమూనా మేమే చేయించాం. చెక్క డ్రమ్ము, యాక్రిలిక్ గొట్టం, అల్యూమినియం పిడి. తూటాలకి పనికిరాదు, కెమెరాకి పనికొస్తుంది. అందులో మందు బదులు ఏం పోయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ పరికరం గుణం నాకు పూర్తిగా అర్థమైంది. పొగరాని మందు మూడు రూపాల్లో దొరుకుతుంది. గుండ్రటి రేణువులు, పలచటి పలుకులు, సన్నటి పుల్లలు. మేం రాగులకి నల్లరంగు వేసి పోశాం. పిడి దించిన ప్రతిసారీ సరాసరి జారాయి, గిన్నెలో పడ్డ కుప్ప ప్రతిసారీ ఒకేలా ఉంది. గుండ్రటి మందు అలాగే కొలతకి లొంగుతుంది. పలచటి అటుకుల నలుసులు పోశాం. కొన్నిసార్లు గుంట పైన ఒకదానిమీద ఒకటి వాలి వంతెన కట్టేశాయి, కింద గుంట సగమే నిండింది. పరికరాన్ని వేలితో తట్టాక గానీ కదల్లేదు. చివరికి సేమియా విరిచి పోశాం. పిడి దించబోతే మధ్యలో ఆగింది. డ్రమ్ము అంచుకీ గోడకీ మధ్య ఒక పుల్ల ఇరుక్కుంది. గట్టిగా దించితే కటుక్కుమని తెగింది. రైఫిళ్లకి వాడే పుల్లల మందు ఇదే పని చేస్తుందని మేనల్లుడు చెప్పాడు. పుల్ల తెగినప్పుడు చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది, ఆ తడబాటే కొలతలో తేడా. వాడైతే ఆ మోతాదుని మళ్లీ హాపర్లోకి పోసేసి కొత్తగా తీస్తాడు.

అందుకే ఎంపిక మొదలవాల్సింది పరికరం దగ్గర కాదు, ఏ మందు, ఎంత మోతాదు అనే దగ్గర. పిస్టల్‌కి వాడేవాళ్లకి సన్నటి గుంట ఉన్న డ్రమ్ము మేలు. వెడల్పాటి గుంటలో నాలుగు గ్రెయిన్లు పలచటి పొరలా పరుచుకుంటాయి, మర ఒక నూలు తిరిగినా కొలత మారిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్లాస్టిక్ గరిటెల సెట్టుతో మొదలుపెడతారు. ఒక్కో గరిటె మీద దాని పరిమాణం రాసి ఉంటుంది. ఆలస్యం, కానీ చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. విస్కాన్సిన్‌లోని లీ కంపెనీ డ్రమ్ములు చవక. ఆర్.సి.బి.ఎస్., రెడింగ్ వాళ్లవి ఇనపవి, బరువు, ఖరీదు, తరాలపాటు మన్నుతాయి. ఎలక్ట్రానిక్‌వి కూడా ఉన్నాయి. అవి మందుని సన్నగా త్రాసు మీదికి రాలుస్తూ నంబరు చేరగానే ఆగుతాయి. పుల్లల మందు వాడే రైఫిల్‌వాళ్లకి అవి బాగా నచ్చుతాయి. కానీ ఫ్యాను గాలికీ కరెంటు ఊగిసలాటకీ వాటి నంబరు జారిపోతుంటుంది, మధ్యమధ్య తూకపురాయి పెట్టి సరిచూసుకోవాలి. నన్నడిగితే బరువైన ఇనప డ్రమ్ము, పక్కన పాతకాలపు దండె త్రాసు. ఈ జతలో ఏది తప్పిందో కంటికి కనపడుతుంది.

పరికరం ఎంత మంచిదైనా చెయ్యి దాని సగం. వాడి చెయ్యి చూస్తూ కూర్చున్నాను. పిడి పైకెత్తడం, ఒక్క లిప్త ఆగడం, దించడం, మళ్లీ ఒక్క లిప్త ఆగడం. ప్రతిసారీ అదే వేగం, అదే బలం. హాపర్లో మందు తగ్గేకొద్దీ పైనున్న బరువు తగ్గి గుంటలో మందు వదులుగా పడుతుంది. దాన్ని అదుపుచేయడానికి హాపర్ లోపల వంచిన రేకు ముక్క ఒకటి ఉంటుంది, అయినా సగం కన్నా కిందికి దిగనివ్వకుండా నింపుతూ ఉండాలి. మొదటి పది మోతాదులు తూటాలోకి వెళ్లవు, హాపర్లోకే తిరిగి వెళతాయి, ఎందుకంటే మందు కుదురుకోవడానికి ఆ మాత్రం కదలిక కావాలి. ఆ తర్వాత ప్రతి పదో మోతాదూ త్రాసు ఎక్కుతుంది. ప్లాస్టిక్ హాపర్‌కి స్థిర విద్యుత్తు పట్టి రేణువులు గోడలకి అంటుకుంటాయి కాబట్టి ముందే బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే పలచటి షీటుతో తుడిచాడు. బ్లాక్ పౌడర్ అయితే అసలు అలాంటి ప్లాస్టిక్ పరికరంలో పోయకూడదు, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. దానికి వేరే లోహపు పరికరాలున్నాయి.

పని ముగిశాక హాపర్లో మందు వదిలెయ్యకూడదన్న నియమం నాకు అన్నిటికన్నా నచ్చింది. మందు రాత్రంతా ఉంటే ప్లాస్టిక్ మసకబారుతుంది, అది చిన్న నష్టం. వారం తర్వాత వచ్చి అందులో ఉన్నది ఏ మందో ఊహించడం పెద్ద నష్టం. రెండు వేరు మందులు కంటికి ఒకేలా ఉండొచ్చు, మండే వేగం మాత్రం వేరు. అందుకే బల్ల మీద ఒకే డబ్బా, పనయ్యాక మందు అదే డబ్బాలోకి. పేరు లేని మందు కనిపిస్తే తోటలో పారబోయడమే, తూటాలోకి వెళ్లదు.

ఇన్ని చూశాక ఒకటి గట్టిగా నమ్మాను. రీలోడింగ్‌లో మనుషుల్ని చంపేది ఎక్కువగా అర గ్రెయిన్ తేడా కాదు. సున్నా, రెండింతలు. పిస్టల్ కేసులో ఆ నాలుగైదు గ్రెయిన్లు అడుగున ఎక్కడో ఉంటాయి, మిగతాదంతా ఖాళీ. మాటల్లో పడి అదే కేసులో పిడి రెండోసారి దించినా మందు పొంగి బయటికి రాదు. అది పేలితే తుపాకీయే పగలొచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక మోతాదుకే సగం పైన నిండే ఉబ్బరపు మందు ఎంచుకుంటారు, రెండోసారి పోస్తే పొంగిపొర్లి బయటపడాలని. ఇక అసలు మందే పడని కేసు ఇంకో రకం మృత్యువు. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్టుని కొంచెం దూరం తోసి బ్యారెల్‌లో వదిలేస్తుంది. చప్పుడు తక్కువ. పేలలేదనుకుని మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే రెండో బుల్లెట్టు వెళ్లి మొదటిదాన్ని గుద్దుతుంది. అందుకని మేనల్లుడు యాభై కేసుల్నీ చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టి, బుల్లెట్లు బిగించే ముందు టార్చి వేసి ఒక్కో కేసులోకీ తొంగిచూస్తాడు. అన్నింటిలో మందు ఒకే మట్టంలో కనపడాలి. ఈ చూపుకి ఏ పరికరమూ ప్రత్యామ్నాయం కాదు. మా సీన్లో కూడా దర్శకుణ్ణి ఒప్పించి చెంచా తీయించి టార్చి పెట్టించాను. పెద్దాయన వరస వెంట టార్చి నడిపి ఒక కేసు దగ్గర ఆగి, దాన్ని తీసి పక్కన పెడతాడు. ఆయన మిలిటరీ అని చెప్పడానికి డైలాగ్ అక్కర్లేకపోయింది.

ఈ సున్నా మందు సంగతి సినిమావాళ్లకి సొంత విషయం. 1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' షూటింగ్‌లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయింది సరిగ్గా దీనివల్లే. క్లోజప్ కోసం డమ్మీ తూటాలు కావాలి. యూనిట్ వాళ్లు నిజం తూటాలు విప్పి మందు పారబోసి బుల్లెట్లు మళ్లీ బిగించారు. ప్రైమర్ తీయడం మరిచారు. ఎప్పుడో ట్రిగ్గర్ పడి ప్రైమర్ పేలి బుల్లెట్టు బ్యారెల్‌లో ఇరుక్కుంది, ఎవరూ చూసుకోలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ వేశారు. బ్లాంక్‌లో బుల్లెట్టు ఉండదు, మందు మాత్రం నిండుగా ఉంటుంది. ఆ మందు ఇరుక్కున్న బుల్లెట్టుని తోసింది. అప్పటికి బ్రాండన్ వయసు ఇరవై ఎనిమిది. బుల్లెట్టు లేకపోయినా బ్లాంక్ ఒక్కటే చంపగలదు. 1984లో నటుడు జాన్-ఎరిక్ హెక్సమ్ సెట్లో బ్లాంక్ ఉన్న గన్నుని ఆటగా కణతకి ఆనించుకుని పేల్చుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. 2021 అక్టోబర్ 21న న్యూమెక్సికోలో 'రస్ట్' షూటింగ్‌లో డమ్మీల మధ్య అసలు తూటా కలిసి కెమెరావుమన్ హలీనా హచిన్స్ చనిపోయింది.

మనకీ తుపాకుల సినిమా కొత్త కాదు. 1971లో కృష్ణగారు పద్మాలయా పతాకం మీద 'మోసగాళ్లకు మోసగాడు' తీసి తెలుగు తెరకి కౌబాయ్‌ని తెచ్చారు. 1974లో ఆయనే అల్లూరి సీతారామరాజు అయ్యారు. 1922 ఆగస్టులో అసలు అల్లూరి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులతో పాటు తూటాలూ పట్టుకెళ్లాడు. తూటాలు లేకపోతే తుపాకీ ఉత్త కర్రే. మన్యంలో ఆ లెక్క అతనికి బాగా తెలుసు.

ఈ రోజుల్లో నిప్పూ పొగా చాలావరకు గ్రాఫిక్స్‌లో పెడుతున్నారు, నాకు సంతోషమే. క్లోజప్‌లో చేతి నిండా తూటాలు చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం డమ్మీలు నా గోడౌన్ నుంచే వెళతాయి. వాటికి అడుగున ప్రైమర్ ఉండకూడదు, ఉండాల్సిన చోట గుంట కనపడాలి. ఇత్తడి పక్కన రంధ్రం పొడిచి ఉండాలి. రంధ్రం కెమెరాకి కనపడకూడదంటే లోపల చిన్న ఇనప గుండు వేయాలి, చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, మందున్న తూటా అలా మోగదు. సెట్లో డబ్బా విప్పాక ఒక్కోటీ నేను ఊపుతాను, ఫైట్ మాస్టర్ అసిస్టెంట్ ఊపుతాడు, చివర్న ఆర్టిస్టు చేతికిచ్చి ఆయన్నీ ఊపమంటాను. ఎంత పెద్ద హీరో అయినా సరే, ఊపాకే గన్ను చేతికిస్తాను. ప్యాకప్ అప్పుడు లెక్కపెట్టి డబ్బాలో వేసుకుంటాను. ఒక్కటి తగ్గినా లైట్లు ఆర్పనివ్వను.